పండు, అంటు, మూలసంకేతం: తెలుగు సాఫ్ట్‌వేరులో పంపకం, లైసెన్సు, నాణ్యత – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు భాషకు సంబంధించిన సాఫ్ట్‌వేరు, ఫాంట్లు చాలావరకు వ్యక్తుల ఔదార్యం వల్ల పుట్టినవే. అయితే ఉచితంగా ఇవ్వడం, స్వేచ్ఛగా ఇవ్వడం ఒకటి కావు. నూజివీడు మామిడి ప్రాంతంలో పండు పంచడానికీ, అంటు పంచడానికీ ఉన్న తేడాను ఆధారంగా చేసుకుని ఈ వ్యాసం తెలుగు సాఫ్ట్‌వేరు పంపక సంస్కృతిని పరిశీలిస్తుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన కోడ్ నాణ్యత పెరగదనీ, కానీ లైసెన్సు లేనిచోట కర్త తరువాత ఆ కోడ్‌ను సరిదిద్దే హక్కు ఎవరికీ మిగలదనీ, తెలుగు వంటి భాషకు ఇదే ప్రధానమైన సమస్య అనీ ప్రతిపాదిస్తుంది. ఈ విషయంలో తెలుగు శాఖలు చేయగల పనిని సూచిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, లైసెన్సు, మూలసంకేతం, తెలుగు ఫాంట్లు, పాఠపరిష్కరణ, నూజివీడు, అంటు.

1. ఉపోద్ఘాతం

భారత కాపీరైటు చట్టం (1957) దృష్టిలో కంప్యూటరు ప్రోగ్రాము ఒక సాహిత్య కృతి. 1984లో వచ్చిన సవరణ ప్రోగ్రాములను ఈ చట్టం పరిధిలోకి తెచ్చింది. 1994 సవరణ ఆ నిర్వచనాన్ని మరింత స్పష్టపరిచింది. నవలకూ, నాటకానికీ, కవితా సంపుటికీ ఏ రక్షణ ఉందో ప్రోగ్రాముకూ అదే రక్షణ ఉంది. కర్త జీవితకాలమంతా, ఆపైన మరో 60 ఏళ్లపాటు హక్కు నిలుస్తుంది. కర్త అనుమతి లేకుండా దానిని మార్చడానికి గానీ, మార్చిన ప్రతిని పంచడానికి గానీ ఇతరులకు వీలులేదు.

చట్టం సాహిత్యమని పిలిచిన ఈ రచనను మన సాహిత్య విమర్శ ఇంతవరకు పెద్దగా పట్టించుకోలేదు. కంప్యూటరు అంటే వృత్తి విద్య అనీ, తెలుగు అంటే భావుకత అనీ చేసుకున్న విభజన ఇందుకు ఒక కారణం కావచ్చు. కానీ నేడు తెలుగు పరిశోధకుడు రాసే ప్రతి అక్షరమూ ఎవరో రాసిన ప్రోగ్రాము మీదుగా, ఎవరో గీసిన ఫాంటు మీదుగా పాఠకుడికి చేరుతోంది. ఆ ప్రోగ్రాములను ఎవరు, ఏ షరతులతో ఇచ్చారు? వాటిలో తప్పు ఉంటే ఎవరు దిద్దగలరు? ఇచ్చినవారు లేకుండా పోయాక వాటి గతి ఏమిటి? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. పండు పంచడం, అంటు పంచడం

ఒకప్పుడు కృష్ణా జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలోనూ ఉన్న నూజివీడు ప్రాంతం మామిడికి ప్రసిద్ధం. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు అని పిలిచే తోతాపురి ఇక్కడి తోటలలో కనిపించే రకాలు. వేసవిలో బంధువులకు, స్నేహితులకు బుట్టలతో పండ్లు పంపడం ఈ ప్రాంతపు మర్యాద. ఇందులో ఎవరూ లెక్క చూసుకోరు.

అయితే మామిడికి ఒక స్వభావం ఉంది. మన దేశపు మామిడి రకాలలో అత్యధికం టెంక నాటితే తల్లి చెట్టు గుణాన్ని యథాతథంగా నిలుపుకోవు. పరపరాగ సంపర్కం వల్ల టెంక మొక్క వేరే గుణంతో రావచ్చు. తల్లి చెట్టు రుచి తరువాతి చెట్టుకు రావాలంటే ఆ చెట్టు కొమ్మను వేరొక మొక్కకు అంటుకట్టాలి. కనుక బుట్టెడు పండ్లు ఇచ్చినవాడు ఒక వేసవి రుచిని ఇచ్చాడు. అంటుకొమ్మ ఇచ్చినవాడు చెట్టునే ఇచ్చాడు. రెండూ దానాలే. మొదటి దానంలో పుచ్చుకున్నవాడు మళ్ళీ అడగవలసి ఉంటుంది. రెండో దానంలో అతడే మరొకరికి ఇవ్వగలవాడవుతాడు.

సాఫ్ట్‌వేరులో ఈ రెండింటికీ సమానమైన స్థితులున్నాయి. నడిచే రూపంలో మాత్రమే దొరికే ఉచిత ప్రోగ్రాము పండు వంటిది. వాడుకోవచ్చు, కానీ దానిలోంచి మరొకటి పుట్టదు. ప్రోగ్రామరు రాసిన మూలసంకేతాన్ని, దానిని మార్చి తిరిగి పంచే హక్కుతో సహా ఇస్తే అది అంటు.

ఈ పోలికకు హద్దులున్నాయి. అంటు కట్టడానికి కొమ్మ కోయాలి, నైపుణ్యం కావాలి, కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. కోడ్‌కు నకలు తీయడం క్షణంలో పని, ఇచ్చినవాడికి తరుగు లేదు. మరొక తేడా ఇంకా ముఖ్యమైనది. ఊరి తోటలో పాత రకపు అంటు ఇచ్చిపుచ్చుకోవడానికి రాతకోతలు అక్కరలేదు. కోడ్ విషయంలో చట్టం మౌనాన్ని నిరాకరణగానే తీసుకుంటుంది. కర్త రాసి ఇవ్వకపోతే అనుమతి లేనట్లే. లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలని కాపీరైటు చట్టం 30వ సెక్షను చెబుతోంది. మనసులో ఎంత ఔదార్యం ఉన్నా కాగితం మీద లేకపోతే అది అంటుగా మారదు. ఈ వ్యాసం చెప్పదలచిన విషయానికి ఈ తేడాయే కీలకం.

3. రెండు మాటలుండి ఒకటి అరువు తెచ్చుకున్న వైనం

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుంచి ఆ ఉద్యమాన్ని ఒక మాట వెంటాడుతోంది. ఇంగ్లీషు 'ఫ్రీ'కి వెల లేనిదనీ, స్వేచ్ఛ గలదనీ రెండు అర్థాలు. తాము చెప్పేది వెల గురించి కాదని ఉద్యమకారులు పదేపదే వివరించుకోవలసి వచ్చింది. 1998లో 'ఓపెన్ సోర్స్' అన్న పేరు ముందుకు రావడానికి ఈ అయోమయం కూడా ఒక కారణం.

తెలుగుకు ఈ ఇబ్బంది లేదు. 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమ సంస్థ 'స్వేచ్ఛ' అన్న పేరు పెట్టుకోవడంలోనే ఈ స్పష్టత ఉంది. ఇంగ్లీషులో పేజీలకొద్దీ వివరించవలసిన భేదాన్ని ఆ ఒక్క మాట తీర్చింది. అయినా మన కళాశాలల్లో, డీటీపీ దుకాణాల్లో వినబడేది 'ఫ్రీ' అన్న మాటే. 'ఆ ఫాంటు ఫ్రీయేనా?' అన్న ప్రశ్నకు 'డబ్బు కట్టనక్కరలేదు' అన్నదే జవాబు. రెండు అర్థాలకూ రెండు మాటలున్న భాష, రెండింటినీ కలిపేసే మాటను అరువు తెచ్చుకుంది. మాటతో పాటు అయోమయాన్నీ తెచ్చుకుంది. వెల లేదన్న తృప్తిలో 'దీనిని మార్చవచ్చా, పంచవచ్చా?' అన్న ప్రశ్న వేసే అలవాటు మనకు ఏర్పడలేదు.

దీనికి తోడు వెల ఉన్న సాఫ్ట్‌వేరును కూడా వెల లేకుండా నకలు చేసుకునే అలవాటు విస్తృతంగా ఉంది. అడిగినవారికి కాదనకుండా పెన్‌డ్రైవులో వేసి ఇవ్వడం సహాయంగానే చెల్లుతోంది. పేద విద్యార్థి కోణం నుంచి చూస్తే ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ దీని ఫలితం విచిత్రమైనది. దొంగచాటు నకలు దొరికినంత కాలం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అవసరం ఎవరికీ తోచదు. నకలు తెచ్చుకున్నది కూడా పండే. మూలసంకేతం అందులో ఉండదు.

4. లైసెన్సును పాఠంగా చదవడం

లైసెన్సు న్యాయవాదుల వ్యవహారమని పక్కన పెట్టకుండా ఒక రచనగా చదివితే, ప్రతి లైసెన్సులోనూ పంపకం గురించిన ఒక తాత్త్విక దృష్టి కనబడుతుంది.

జీపీఎల్ 1989లో వచ్చింది. 1991లో రెండో రూపం, 2007లో మూడో రూపం వెలువడ్డాయి. దీని దృష్టి ప్రకారం పుచ్చుకున్నవాడు ఇచ్చేవాడు కూడా కావాలి. మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచదలిస్తే, దాని మూలసంకేతాన్ని కూడా అవే షరతులతో అందుబాటులో ఉంచాలి. ఎంఐటీ, బీఎస్‌డీ వంటి లైసెన్సుల దృష్టి వేరు. కర్త పేరునూ, అనుమతి పత్రాన్నీ నిలిపి ఉంచితే చాలు, మార్చినవాడు తన ప్రతిని మూసి పెట్టుకున్నా అభ్యంతరం లేదు. మొదటిదానిలో దానం బాధ్యతను వెంటబెట్టుకుని వెళ్తుంది. రెండోదానిలో దానం దాతను వదిలి స్వతంత్రంగా వెళ్తుంది.

ఈ దృష్టులు తెలుగు అక్షరాల దగ్గర ఎలా పనిచేశాయో చూడవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు జీపీఎల్ కింద, ఒక మినహాయింపుతో విడుదలయ్యాయి. ఈ మినహాయింపు చిన్నదే అయినా అర్థవంతమైనది. ఫాంటును పత్రంలో పొదిగినప్పుడు ఆ ఫాంటు షరతులు పత్రానికీ అంటుకుంటాయా అన్న సందేహం వస్తుంది. నవల అచ్చువేసినవాడు నవలను కూడా జీపీఎల్ కింద పెట్టాలా? అక్కరలేదని చెప్పడానికే ఆ మినహాయింపు. ఇవి స్పష్టమైన షరతులతో ఉండబట్టే ఫెడోరా, డెబియన్ వంటి లినక్సు పంపిణీలు వాటిని చేర్చుకోగలిగాయి. రెడ్‌హ్యాట్ 2004లో జీపీఎల్ కింద ఇచ్చిన లోహిత్ ఫాంట్లు 2011లో ఓఎఫ్ఎల్ అనే ఫాంట్ల లైసెన్సుకు మారాయి. 2011 తరువాతి సంవత్సరాలలో సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి తదితర ఫాంట్లు కూడా ఓఎఫ్ఎల్ కిందనే ఉన్నాయి. వీటిలో అనేకం తెలుగు అక్షరాలతో పాటు, వేరే డిజైనర్లు అదే లైసెన్సుతో ఇచ్చిన ఫాంట్ల నుంచి లాటిన్ అక్షరాలను తీసుకుని కలుపుకున్నాయి. నిజమైన అంటుకట్టడం ఇదే. ఇద్దరు కర్తలు ఒకరినొకరు అడగనక్కరలేకుండానే వారి కృషి ఒకే చెట్టయింది.

ఓఎఫ్ఎల్ 1.1ను ఎస్ఐఎల్ సంస్థ 2007లో ప్రకటించింది. దీనిలో విమర్శకుడు ఆగి చూడవలసిన నిబంధన ఒకటుంది. కర్త కోరుకుంటే ఫాంటు పేరును ప్రత్యేకించుకోవచ్చు. అప్పుడు ఎవరైనా ఆ ఫాంటును మార్చవచ్చు, పంచవచ్చు, కానీ మార్చిన రూపానికి అదే పేరు పెట్టకూడదు. అక్షరం అందరిదీ, పేరు మాత్రం దాని కర్తది. మార్పులో దోషం వస్తే ఆ నింద మూలకర్త మీద పడదు. పాఠకుడు కూడా ఏది మూలమో, ఏది పాఠాంతరమో గుర్తుపట్టగలడు. ఇది కర్త అహం కోసం పెట్టిన నిబంధనలా కనిపించినా, నిజానికి నాణ్యతకు సంబంధించిన నిబంధన.

5. విత్తనం, కోడ్: ఒకే సెక్షనులో ఇరుగుపొరుగు

పంచడానికీ, పేరుకూ మధ్య ఉన్న ఈ సంబంధం వ్యవసాయానికి కొత్త కాదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) 39వ సెక్షను రైతుకు రక్షిత రకపు విత్తనాన్ని సైతం దాచుకునే, తిరిగి నాటే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. అయితే బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదని షరతు పెట్టింది. విత్తనం పంచవచ్చు, పేరు వాడకూడదు. ఓఎఫ్ఎల్ నిబంధనకు ఇది దగ్గరి చుట్టం. 2017లో బంగినపల్లి మామిడికి లభించిన భౌగోళిక గుర్తింపు కూడా చెట్టును ఎవరూ పెంచకూడదని చెప్పలేదు, పేరును కాపాడింది.

నూజివీడు పేరు లైసెన్సు చరిత్రలో మరో సందర్భంలోనూ వినిపిస్తుంది. నూజివీడు సీడ్స్ సంస్థకు, మోన్‌శాంటోకు మధ్య బీటీ పత్తి సాంకేతికతపై నడిచిన వివాదం 2004 నాటి సబ్‌లైసెన్సు ఒప్పందం నుంచి పుట్టింది. 2015లో ఆ ఒప్పందం రద్దు కావడంతో కోర్టుకెక్కింది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం పేటెంటు చెల్లదని చెప్పింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాధారాలతో విచారణ జరగాలని వ్యాజ్యాన్ని వెనక్కి పంపింది. వివాదానికి కేంద్రమైనది పేటెంట్ల చట్టం 3(జె) క్లాజు. మొక్కలు, విత్తనాలు, రకాలు పేటెంటుకు అర్హం కావని అది చెబుతుంది. దాని తరువాతి క్లాజు 3(కె). కంప్యూటరు ప్రోగ్రాము తనంత తానుగా పేటెంటుకు అర్హం కాదని అది చెబుతుంది.

విత్తనమూ, కోడూ చట్టంలో పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ రెండింటికీ ఉన్న సమానధర్మం తమను తాము తిరిగి పుట్టించుకోగలగడం. అలాంటి వస్తువు మీద యాజమాన్యం ఎంతవరకు అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. నూజివీడు వివాదంలో లైసెన్సు రుసుము వసూలుకు, నియంత్రణకు సాధనం. జీపీఎల్, ఓఎఫ్ఎల్‌లలో అదే లైసెన్సు పంపకానికి సాధనం. సాధనం ఒకటే. ఏమి రాసుకున్నామన్నదే తేడా. అందువల్ల 'లైసెన్సు అంటే కట్టడి, మాకు అక్కరలేదు' అనే మన వైఖరి నిలవదు. రాసుకోకపోతే మిగిలేది స్వేచ్ఛ కాదు, చట్టం తనంతట తాను విధించే పూర్తి కట్టడి.

6. నాణ్యత ప్రశ్న

మూలసంకేతం అందరికీ కనిపిస్తే తప్పులు త్వరగా బయటపడతాయని ఎరిక్ రేమండ్ 1997లో వాదించారు. ఈ వాదాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రచారకులు తరచుగా పునరుక్తి చేస్తారు. రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదం పాక్షిక సత్యమేనని తెలుస్తుంది.

మొదటిది తెలుగుకు సంబంధించినదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూపించబోయి కుప్పకూలాయి. 'జ్ఞా' అన్న అక్షరంలో 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం చేరినప్పుడు ఈ ప్రమాదం జరిగింది. సందేశంలో ఆ అక్షరం వస్తే చాలు, ఆ యాప్ తెరుచుకోలేదు. ఆ కోడ్ మూసి ఉంచినది కనుక బయటివారు లక్షణాలను బట్టి కారణాన్ని ఊహించగలిగారే తప్ప దిద్దలేకపోయారు. అయితే ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న విడుదల చేసిన ఐఓఎస్ 11.2.6తో దానిని త్వరగానే సరిచేసింది.

రెండోది హార్ట్‌బ్లీడ్. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో 2012లో విడుదలైన రూపంలో చేరిన ఈ దోషం 2014 ఏప్రిల్ వరకు బయటపడలేదు. ఇంటర్నెట్ భద్రతలో పెద్ద భాగం ఆధారపడిన ఆ కోడ్‌ను అందరూ చూడవచ్చు. రెండేళ్లపాటు ఆ చోటును ఎవరూ నిశితంగా చూడలేదు. దానిని పోషిస్తున్నవారు కొద్దిమందే.

అంటే మూసిన కోడ్‌లో తప్పు త్వరగా దిద్దుకోవచ్చు, తెరిచిన కోడ్‌లో తప్పు ఏళ్లతరబడి ఉండిపోవచ్చు. లైసెన్సు చూసే హక్కు ఇస్తుంది, చూసే కళ్లను ఇవ్వదు. మరి తెలుగుకు లైసెన్సు వల్ల ఒరిగేదేమిటి?

'జ్ఞా' దోషం త్వరగా దిద్దబడడానికి కారణం అది ప్రపంచమంతటా ఫోన్లను ఆపివేయడం. దోషం తెలుగువారికే పరిమితమై, ఫోను ఆగిపోకుండా ఒత్తు మాత్రం తప్పుగా పడి ఉంటే అంత త్వరపడవలసిన అగత్యం ఏ సంస్థకూ ఉండేది కాదు. శకటరేఫం, అరసున్న, పాత ముద్రణలలోని వలపలగిలక వంటివి సరిగా కనిపించకపోతే నష్టపోయేది తెలుగు పరిశోధకుడు ఒక్కడే. మార్కెట్టు చిన్నదైనప్పుడు యజమాని పట్టించుకోకపోవడమే సహజ స్థితి. యజమాని వదిలేశాక కూడా పని సాగాలంటే రెండో చేతికి హక్కు ఉండాలి. లైసెన్సు విలువ ఈరోజు దొరికే నాణ్యతలో లేదు, ఆ రెండో చేతికి దారి మూసుకుపోకుండా ఉంచడంలో ఉంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అక్షరాలను పేర్చడానికి ఉపయోగించే హార్ఫ్‌బజ్ స్వేచ్ఛా లైసెన్సుతో ఉంది. దానిలో తెలుగు ఒత్తు తప్పుగా పడితే ఆ సంగతి రుజువులతో చెప్పవచ్చు, సవరణ రాసి పంపవచ్చు, వారు స్వీకరించకపోతే సవరించిన ప్రతిని మనమే వాడుకోవచ్చు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ పద్ధతి పరిచితమే. సి. పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించారు. ఏ ప్రతిలో ఏ పాఠముందో చూపడం, ప్రక్షిప్తాన్ని గుర్తించడం, స్వీకృత పాఠానికి కారణం చెప్పడం పాఠపరిష్కర్త ధర్మాలు. 2005లో వచ్చిన గిట్ వంటి సాధనాలు కోడ్ విషయంలో చేసేది ఇదే. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి మార్చారో నమోదవుతుంది. చరిత్ర చెరిపేసి తుదిరూపాన్ని మాత్రమే ఇచ్చిన కోడ్, పాదసూచికలు తీసేసిన పరిష్కరణ వంటిది. చదువుకోవచ్చు, నమ్మడానికి ఆధారం ఉండదు. మామిడి నారుమడిలోనూ ఇదే సంగతి. కొన్న అంటు ఏ తల్లి చెట్టుదో తెలియకపోతే, మోసపోయామని కాపు వచ్చేదాకా తెలియదు. మూలం నమోదు చేయడం నాణ్యతకు తొలి మెట్టు.

7. తెలుగులో పంపకం: నిలిచినవి, నిలవనివి

తెలుగు కంప్యూటింగులో పంచుకునే గుణం మొదటి నుంచీ ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆ పద్ధతి బహిరంగంగా వివరించబడినందువల్ల దానిని ఎవరైనా తమ ప్రోగ్రాములో అమలు చేయగలిగారు. ఆనాటి ప్రోగ్రాములు మరుగునపడినా పద్ధతి నిలిచింది. తరువాత వచ్చిన లేఖిని వంటి పరికరాలు దానినే అనుసరించాయి. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత మరొక ఉదాహరణ. దినపత్రికలు ఎవరి ఫాంటు వారు వాడుకున్న రోజుల్లో ఆ పాఠాన్ని యూనికోడులోకి మార్చి చూపించిన ఈ పరికరం, మూలసంకేతం తెరిచి ఉన్నందువల్ల మలయాళం, తమిళం, దేవనాగరి మొదలైన లిపులకూ విస్తరించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారు కూడా నాగార్జునే. వికీపీడియా వ్యాసం కింద ఉండే లైసెన్సు వాక్యాన్ని మనలో చాలామంది చదవరు. కానీ ఒకరు రాసినదాన్ని మరొకరు నిస్సంకోచంగా దిద్దగలుగుతున్నది ఆ వాక్యం ఇచ్చిన హక్కు వల్లనే.

ఈ మూడింటిలోనూ సామాన్యాంశం ఒకటుంది. కర్త పక్కకు తప్పుకున్నా పని ఆగలేదు. దీనికి విరుద్ధంగా, 'ఉచితంగా దించుకోండి' అన్న ఒక్క మాటతో విడుదలైన ఫాంట్లు, అక్షరదోష సవరణ పరికరాలు, నిఘంటువు ప్రోగ్రాములు తెలుగులో చాలానే వచ్చాయి. వాటి కర్తల ఔదార్యాన్ని శంకించనక్కరలేదు. కానీ లైసెన్సు లేదు, మూలసంకేతం లేదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చేసరికి అవి నడవవు. బాగుచేయగలిగినవారు ఉన్నా వారికి హక్కు లేదు. కర్త మరణించాక మరో 60 ఏళ్లకు గానీ ఆ హక్కు రాదు. అప్పటికి ఆ యంత్రాలే ఉండవు. తన పని పదిమందికీ ఉపయోగపడాలని కోరుకున్న దాత కోరిక, ఒక పేజీ పత్రం లేకపోవడం వల్ల వమ్ము అవుతోంది.

ఇందులో తెలుగు శాఖలకు స్వయంగా తగులుతున్న నష్టం సిద్ధాంతగ్రంథాలది. యూజీసీ 2009 నిబంధనల తరువాత పరిశోధన గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగ భాండాగారానికి చేరుతున్నాయి. వాటిలో యూనికోడేతర ఫాంట్లతో టైపు చేసినవి ఉన్నాయి. అటువంటి ఫాంటులో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో దాగి ఉంటుంది. కంటికి 'కావ్యం'గా కనిపించేది యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. వెతికితే దొరకదు, నకలు తీస్తే తెలుగు రాదు. ఆ ఫాంటును, దాని సంకేతపట్టికను బయటపెట్టే హక్కు దాని యజమానిదే. ఒక పరిశోధకుడు ఐదారేళ్లు శ్రమించి రాసిన గ్రంథం, చదవగల రూపంలో ఉంటుందా లేదా అన్నది అతడు చూడని ఒక లైసెన్సు మీద ఆధారపడి ఉంది.

8. తెలుగు శాఖలు, సాంకేతిక కళాశాలలు

తెలుగు అధ్యాపకులు ప్రోగ్రాములు రాయాలని ఈ వ్యాసం కోరడం లేదు. కోడ్‌కు కళ్లు కావాలన్న మాట నిజమైతే, తెలుగు అక్షరం సరిగా పడిందా లేదా అని చెప్పగల కళ్లు తెలుగు శాఖలలోనే ఉన్నాయి. ద్విత్వ, సంయుక్త, సంశ్లేషాక్షరాల సమగ్ర పట్టిక, ప్రాచీన ముద్రణలలోని అరుదైన రూపాలు, గణయతిప్రాసల పరీక్షకు ఉదాహరణ పద్యాలు, సంధిరూపాల జాబితా వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ప్రకటిస్తే ఫాంటు రూపకర్తలకూ, అక్షరదోష పరికరాలు రాసేవారికీ అవి పరీక్షాసామగ్రి అవుతాయి. ప్రోగ్రామరుకు తెలియనిది ఇదే, పండితుడికి బాగా తెలిసినదీ ఇదే.

మరోవైపు, ఇంజనీరింగు కళాశాలలలో ఏటా తయారయ్యే ప్రాజెక్టులలో తెలుగుకు సంబంధించినవీ ఉంటాయి. మౌఖిక పరీక్షతో వాటి ఆయుష్షు తీరిపోవడం సర్వసాధారణం. లైసెన్సు పత్రం, వాడుక వివరం, పరీక్షా ఉదాహరణలు జతచేసిన కోడ్‌ను బహిరంగంగా ఉంచడం మూల్యాంకనంలో భాగమైతే తరువాతి జట్టు మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం నూజివీడులోనే ఉంది. గ్రామీణ విద్యార్థుల కోసం ఏర్పడిన ఆ విద్యాసంస్థకూ, చుట్టుపక్కల కళాశాలల తెలుగు శాఖలకూ మధ్య ఇటువంటి ఉమ్మడి పని సాధ్యమే. అక్షరం తెలిసినవారు, కోడ్ తెలిసినవారు ఒకే ఊరి పరిధిలో ఉన్న చోటు అది.

దీనిపై ఒక అభ్యంతరం రావచ్చు. శ్రమకు ప్రతిఫలం లేకుండా అన్నీ ఇచ్చేయమనడం కర్తకు అన్యాయం కాదా? స్వేచ్ఛా లైసెన్సు వెల పుచ్చుకోవడాన్ని నిషేధించదు. జీపీఎల్ కింద ఉన్న ప్రోగ్రామును అమ్మవచ్చు. ఓఎఫ్ఎల్ ఫాంటును విడిగా అమ్మరాదు గానీ, వేరే సాఫ్ట్‌వేరుతో కలిపి అమ్మవచ్చు. అయినా ఇందులో న్యాయమైన ప్రశ్న మిగిలే ఉంది. తెలుగు అక్షరాలను గీసిన శిల్పికి కూలి ఎవరివ్వాలి? ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, భాషాసంస్థలు ప్రజాధనంతో పని చేయించినప్పుడు ఆ కూలిని ముందే చెల్లించి, ఫలితాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయించడమే న్యాయం. ప్రజాధనంతో నాటిన తోట నుంచి అంటు తెచ్చుకునే హక్కు ప్రజలకు ఉండాలి.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తెలుగు సాఫ్ట్‌వేరు రంగంలో లోపం ఔదార్యంలో లేదు. ఔదార్యాన్ని లిఖితపూర్వకమైన హక్కుగా మార్చకపోవడంలో ఉంది.

2. 'ఉచితం', 'స్వేచ్ఛ' అన్న రెండు మాటల భేదాన్ని తెలుగులో తిరిగి వాడుకలోకి తేవడం పరిభాషా సమస్య మాత్రమే కాదు. ఏమి అడగాలో నేర్పే పని అది.

3. స్వేచ్ఛా లైసెన్సు నాణ్యతకు హామీ ఇవ్వదు. కర్త, యజమాని తప్పుకున్నాక కూడా దిద్దుబాటు సాధ్యమయ్యేలా చూస్తుంది. మార్కెట్టు బలం లేని భాషకు అదే ముఖ్యం.

4. పంచడానికీ, పేరును కాపాడుకోవడానికీ వైరుధ్యం లేదు. ఓఎఫ్ఎల్, రైతుల హక్కుల చట్టం, భౌగోళిక గుర్తింపు మూడూ దీనిని వేర్వేరు రంగాలలో చూపుతున్నాయి.

5. పాఠపరిష్కరణలో శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులు తెలుగు కోడ్‌కు సహజ పరీక్షకులు. వారి జాబితాలు, పట్టికలు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడాలి.

తన సిద్ధాంతగ్రంథాన్ని సమర్పించబోయే ప్రతి పరిశోధకుడూ వేసుకోవలసిన ప్రశ్న చిన్నదే: ఈ అక్షరాలు ఏ ఫాంటువి, ఆ ఫాంటు ఏ షరతులతో తన చేతికి వచ్చింది? దానికి జవాబు దొరకకపోతే, ఇరవై ఏళ్ల తరువాత ఆ గ్రంథాన్ని వెతికే విద్యార్థికి కూడా అది దొరకకపోవచ్చు.